మూగజీవాలకు ఎర్రని వెలుగు: మేలెంత? మెలకువ ఎంత?



మన పల్లె ఇళ్ళలో కుక్క అరుగు మీద కాపలా ఉంటుంది. పిల్లి ధాన్యపు బస్తాల దగ్గర తిరుగుతుంది. గేదె పాకలో నెమరు వేస్తుంది. ఇవన్నీ మనతో పాటే పెరుగుతాయి, మనకంటే ముందే ముసలివవుతాయి. నిన్నటి వరకు గేటు దాకా పరుగెత్తిన కుక్క ఒక ఉదయం లేవడానికి తంటాలు పడుతుంది. మెట్టు ఎక్కబోయి ఆగిపోతుంది. కాలు నొక్కితే మూలుగుతుంది. అప్పుడు ఇంట్లో వాళ్ళ మనసు ఊరుకోదు. దానికి ఏదైనా చేయాలనిపిస్తుంది.

ఈ దినాలలో ఆ "ఏదైనా" అనే మాటకు జవాబుగా ఒక కొత్త వస్తువు వచ్చింది. అది ఎర్రని వెలుగునిచ్చే పరికరం. కొన్ని చేతిలో పట్టుకునే టార్చిలైటులా ఉంటాయి, కొన్ని నడుముకు చుట్టే పట్టీలా ఉంటాయి, కొన్ని పరుచుకునే చాపలా ఉంటాయి. రోజుకు పది నిమిషాలు ఈ వెలుగు పడితే కుక్కల కీళ్ళనొప్పులు తగ్గుతాయనీ, పుండ్లు మానుతాయనీ, ఊడిన వెంట్రుకలు తిరిగి వస్తాయనీ ప్రకటనలు చెబుతున్నాయి. అమెరికాలోనూ యూరపులోనూ పెంపుడు జంతువులున్న ఇళ్ళలో ఇది బాగా వ్యాపించింది. పట్టణాలలోనూ విదేశాలలోనూ ఉన్న మన బిడ్డలు ఫోనులో వాటిని చూసి, "అమ్మా, మన కుక్కకు ఒకటి పంపమంటావా?" అని అడిగే రోజులు కూడా వచ్చాయి.

ఈ వెలుగులో నిజంగా బలం ఉందా? ఉంటే దేనికి పనికివస్తుంది? దేనికి పనికిరాదు? దీనిని నమ్మి ఏ పని మానుకుంటే ప్రమాదం? ఈ ప్రశ్నలకు నెమ్మదిగా జవాబు వెదుకుదాం.

ఎర్రదీపాలన్నీ ఒకటి కావు

మొదట ఒక పొరపాటును తొలగించుకోవాలి. కోడిపిల్లలను పెంచే చోట వెచ్చదనం కోసం వేలాడదీసే ఎర్రబల్బు మనకు తెలుసు. 250 వాట్ల బల్బు కింద చెయ్యి పెడితే చురుక్కుమంటుంది. దాని పని వేడినివ్వడమే. పండుగకు కట్టే ఎర్రరంగు బల్బు మరొకటి. దాని పని అలంకారమే. ఈ రెండూ ఇప్పుడు మనం మాట్లాడుకునే వైద్యపు వెలుగు కావు.

ఇంద్రధనుస్సులో ఏడు రంగులున్నట్టు మన కంటికి తెలుసు. ఒక్కొక్క రంగు వెలుగు అలకు ఒక్కొక్క పొడవు ఉంటుంది. దానిని నానోమీటర్లలో కొలుస్తారు. ఒక మిల్లీమీటరును పది లక్షల భాగాలు చేస్తే అందులో ఒక భాగమే నానోమీటరు. ఈ చికిత్సలో ఎక్కువగా వాడేవి 630 నుండి 670 నానోమీటర్ల వరకు ఉన్న ఎర్రని వెలుగు, 810 నుండి 850 వరకు ఉన్న మరొక వెలుగు. రెండవది మన కంటికి కనబడదు. టీవీ రిమోట్ నొక్కినప్పుడు వెలువడే వెలుగు ఇలాంటిదే. అందుచేత పరికరంలో కొన్ని దీపాలు వెలగనట్టు కనబడినా అవి పనిచేస్తూ ఉండవచ్చు. కనబడదు గదా అని వాటిలోనికి తేరిపార చూడకూడదు.

ఈ వెలుగును రెండు విధాలుగా పుట్టిస్తారు. ఒకటి లేజరు. ఇందులో వెలుగు చెదరకుండా సన్నని ధారగా వస్తుంది. రెండవది ఎల్.ఇ.డి. దీపం. ఇందులో వెలుగు చుట్టూ పరచుకుంటుంది. పశువైద్యుల దగ్గర ఉండేది సాధారణంగా లేజరు. ఇళ్ళకు అమ్మేవి చాలావరకు ఎల్.ఇ.డి. దీపాలు. ఈ తేడాను మనసులో ఉంచుకోండి. దీని అవసరం ముందు వస్తుంది.

ఈ ఆలోచన ఎక్కడ పుట్టింది?

వెలుగుతో వైద్యం చేయాలన్న ఆలోచన పాతదే. డెన్మార్క్ దేశపు వైద్యుడు నీల్స్ ఫిన్సెన్ చర్మానికి వచ్చే ఒక విధమైన క్షయను గాఢమైన వెలుగుతో నయం చేసి 1903లో నోబెల్ బహుమతి పొందాడు. అయితే ఆయన ఆ చర్మరోగానికి వాడింది నేటి ఎర్రని వెలుగు కాదు.

1960లో అమెరికాలో థియొడోర్ మైమన్ మొట్టమొదటి లేజరును వెలిగించాడు. అది కెంపు కడ్డీతో చేసినది కనుక ఎర్రని వెలుగునిచ్చింది. కొద్ది సంవత్సరాలకు హంగరీ దేశంలో బుడాపెస్టు నగరపు వైద్యుడు ఎండ్రె మెస్టర్, ఈ వెలుగు కేన్సరును పుట్టిస్తుందేమో చూడాలనుకున్నాడు. ఎలుకల వీపు మీద వెంట్రుకలు గొరిగి కొన్నిటి మీద ఆ వెలుగు పడేటట్లు చేశాడు. కేన్సరు రాలేదు. కానీ వెలుగు పడిన ఎలుకలకు వెంట్రుకలు తక్కినవాటికంటే త్వరగా మొలిచాయి. ఇది 1967 నాటి మాట. కీడు కోసం వెదకినవాడికి ఒక మేలు కనబడింది. ఆ తరువాత ఆయన మానని పుండ్ల మీద ఈ వెలుగును ప్రయోగించాడు.

1990లలో అమెరికా అంతరిక్ష సంస్థ నౌకలలో మొక్కలు పెంచడానికి ఎర్రని ఎల్.ఇ.డి. దీపాలను తయారుచేయించింది. ఆ దీపాలనే విస్కాన్సిన్ వైద్య కళాశాలకు చెందిన వైద్యులు గాయాల మీద పరీక్షించారు. ఆ విధంగా ఖరీదైన లేజరు స్థానంలో చవకైన దీపం వాడవచ్చునన్న ఆలోచన బలపడింది. నేడు ఇళ్ళకు అమ్మే పరికరాలకు మూలం అదే.

గమనించండి, ఈ కథలో మోసం లేదు. ఇది పరిశోధనలో నుండి వచ్చిన విషయమే. తరువాత అమ్మకందారులు దాని మీద ఎంత మెరుగు పెట్టారన్నదే మనం చూడవలసినది.

శరీరంలో ఏమి జరుగుతుంది?

ప్రతి జీవకణంలోనూ చిన్న చిన్న పొయ్యిలవంటి భాగాలుంటాయి. వాటిని మైటోకాండ్రియా అంటారు. తిన్న ఆహారాన్నీ పీల్చిన గాలినీ కలిపి కణానికి శక్తినిచ్చేవి అవే. ఆ పొయ్యిలో ఉన్న ఒక పదార్థం ఎర్రని వెలుగును పీల్చుకుంటుందనీ, అప్పుడు కణం కొంత చురుకుగా పనిచేస్తుందనీ, వాపు తగ్గడానికి కావలసిన మార్పులు మొదలవుతాయనీ శాస్త్రజ్ఞులు వివరిస్తున్నారు. ఇందులో వేడితో పని లేదు. అందుకే మంచి పరికరం ఒంటి మీద పెట్టినా జంతువుకు గోరువెచ్చగా మాత్రమే ఉంటుంది.

ఇందులో ముఖ్యమైన మాట మోతాదు. మందుకు మోతాదు ఉన్నట్టే వెలుగుకూ మోతాదు ఉంది. తక్కువైతే ఫలితం లేదు. మరీ ఎక్కువైతే మేలు తగ్గిపోతుంది, కొన్నిసార్లు అడ్డు తగులుతుంది. పైరుకు నీరు పెట్టడం తెలిసిన రైతుకు దీనిని వేరుగా వివరించనక్కరలేదు. తడవని మడి ఎండుతుంది, మునిగిన మడి కుళ్ళుతుంది.

ఈ మోతాదును జౌళ్ళలో లెక్కిస్తారు. చదరపు సెంటీమీటరు చోటు మీద 20 మిల్లీవాట్ల వెలుగు 200 సెకన్లు పడితే ఆ చోటికి 4 జౌళ్ళు అందినట్టు. అదే పరికరం 5 మిల్లీవాట్లే ఇస్తే, అంతే మోతాదుకు 800 సెకన్లు, అంటే పదమూడు నిమిషాలకు పైగా పట్టాలి. పెట్టె మీద ఈ బలం ఎంతో రాయకపోతే ఎన్ని నిమిషాలు పెట్టాలో ఎవరు చెప్పగలరు? మందు చీటీలో "కొంచెం వేసుకోండి" అని రాసినట్టే ఉంటుంది.

ఇంకొక అడ్డు కూడా ఉంది. మనిషి చర్మం వేరు, కుక్క చర్మం వేరు. కుక్కకు ఒంటి నిండా బొచ్చు ఉంటుంది. ఆ బొచ్చు చాలా వెలుగును అక్కడే ఆపివేస్తుంది. నల్లని బొచ్చు, నల్లని చర్మం ఇంకా ఎక్కువగా పీల్చుకుంటాయి. బలమైన లేజరైతే ఆ పీల్చుకున్న వెలుగు వేడిగా మారి చర్మం కాలవచ్చు. ఇక తుంటి కీలు కండరాల లోపల ఎంతో లోతున ఉంటుంది. పై చర్మపు పుండుకు వెలుగు అందడం ఒక ఎత్తు, పెద్ద కుక్క తుంటికి అందడం మరొక ఎత్తు. చేతికి అడుగు దూరంలో దీపం పట్టుకుని బొచ్చు మీద వెలుగు పడితే చాలుననుకోవడం పొరపాటు.

కుక్కల మీద జరిగిన పరీక్షలు ఏమి చెప్పాయి?

సాక్ష్యం లేని మాటను నమ్మకూడదు. ఒకే సాక్షి మాట విని తీర్పు తీర్చకూడదు. కనుక రెండు వైపులా వినాలి.

కొన్ని జాతుల కుక్కలకు వెన్నుపూసల మధ్య ఉండే మెత్తని బిళ్ళ జారి నరాలను నొక్కుతుంది. వెనుక కాళ్ళు చచ్చుబడతాయి. దీనికి శస్త్రచికిత్స చేస్తారు. ఫ్లోరిడా విశ్వవిద్యాలయపు వైద్యులు ఇటువంటి 36 కుక్కలలో కొన్నిటికి శస్త్రచికిత్స తరువాత లేజరు వెలుగు కూడా ఇచ్చారు. 2012లో ప్రచురించిన ఫలితం ప్రకారం, వెలుగు అందినవి మూడున్నర రోజుల ప్రాంతంలో లేచి నడవగా, అందనివాటికి సుమారు 14 రోజులు పట్టింది. ఎంత గొప్ప సంగతి!

అయితే 2017లో ఇదే శస్త్రచికిత్స జరిగిన 32 కుక్కల మీద మరొక పరీక్ష ఫలితం వచ్చింది. అందులో వెలుగు పొందినవాటికీ పొందనివాటికీ కోలుకోవడంలో తేడా కనబడలేదు. మొదటి వార్త ప్రకటనలలో కనబడుతుంది. రెండవ వార్త కనబడదు.

గాయాల మాట చూద్దాం. 2015లో ఆరోగ్యంగా ఉన్న 10 కుక్కల మీద చేసిన పరీక్షలో, లేజరు పడిన గాయం పడని గాయంకంటే త్వరగా మానలేదు. అదే సంవత్సరం ఇంకొక పరీక్షలో దురద, వాపు లేకుండా వెంట్రుకలు ఊడిపోయిన 7 కుక్కలకు వెలుగునిస్తే, ఆరింటికి బొచ్చు బాగా తిరిగివచ్చింది. మెస్టర్ ఎలుకల నాటి సంగతే మళ్ళీ కనబడినట్టయింది.

కీళ్ళనొప్పుల విషయంలో 2018లో 20 కుక్కల మీద జాగ్రత్తగా చేసిన పరీక్ష ఒకటి ఉంది. ముందుకాలి మోచేతి కీలు అరిగిన కుక్కలలో కొన్నిటికి నిజమైన లేజరును, కొన్నిటికి ఉత్తుత్తి లేజరును పెట్టారు. ఏ కుక్కకు ఏది పెట్టారో యజమానులకు తెలియనివ్వలేదు. నిజమైన వెలుగు పొందినవాటికి కుంటడం తగ్గింది, నొప్పి మందుల అవసరం కూడా తగ్గింది. ఇది మంచి సాక్ష్యమే. కానీ లెక్కకు ఇరవై కుక్కలు మాత్రమే.

వీటన్నిటినీ కలిపి చూస్తే తేలేది ఇది: ఎర్రని వెలుగు వట్టి మాయ కాదు. అది సర్వరోగ నివారిణి కూడా కాదు. కొన్ని స్థితులలో, సరియైన మోతాదులో, వైద్యుని చేతిలో అది సహాయకారి. పైగా ఈ పరీక్షలు వైద్యశాలలో బలమైన లేజరుతో జరిగినవి. వాటి ఫలితాన్ని చూపించి ఇంటి దీపాన్ని అమ్మడమంటే ట్రాక్టరు దున్నిన పొలాన్ని చూపించి గునపం అమ్మడం వంటిది.

మనుషుల వైద్యంలో కూడా ఈ వెలుగుకు ఒక గట్టి స్థానం ఉంది. కేన్సరు చికిత్స పొందేవారికి నోటిలో వచ్చే బాధాకరమైన పుండ్లను నివారించడానికి దీనిని వాడవచ్చునని బ్రిటన్‌లోని ఆరోగ్య సంస్థ 2018లో మార్గదర్శకం ఇచ్చింది. అక్కడ కూడా వెలుగు పుండ్లకే గాని కేన్సరుకు కాదు. దాని పని దానికుంది.

కుక్క అబద్ధమాడదు, మన కన్ను ఆడవచ్చు

"మా కుక్కకు పెట్టాము, నిజంగా తగ్గింది" అని చెప్పేవారు చాలామంది ఉన్నారు. వారు అబద్ధాలాడేవారు కారు. అయినా ఇక్కడ ఒక చిక్కుంది.

మనిషికి ఉత్తుత్తి మాత్ర ఇచ్చినా కొంత నయమైనట్టు అనిపిస్తుందని మనకు తెలుసు. జంతువుకు తనకు వైద్యం జరుగుతున్నదని తెలియదు గనుక దానికి ఈ భ్రమ ఉండదని మనం అనుకుంటాము. కానీ భ్రమ జంతువుకు కాదు, దాన్ని చూసే మనకు కలుగుతుంది. అమెరికాలో కీళ్ళ జబ్బుతో కుంటే 58 కుక్కలకు మందు లేని బిళ్ళలు ఇచ్చారు. యజమానులను అడిగితే సుమారు నూటికి 40 వంతుల సందర్భాలలో "తగ్గింది" అన్నారు. కుక్క ఏ కాలి మీద ఎంత బరువు మోపుతున్నదో కొలిచే పలక మీద నడిపించి చూస్తే మార్పేమీ లేదు. ఇది 2012లో ప్రచురించబడింది. యజమానులే కాదు, పరీక్షించిన పశువైద్యులు కూడా దాదాపు అంతే తరచుగా పొరబడ్డారు.

దీని అర్థం ఏమిటి? డబ్బు పెట్టి కొన్నాము, ప్రేమతో రోజూ పక్కన కూర్చుంటున్నాము, తగ్గాలని కోరుకుంటున్నాము. కన్ను ఆ కోరికనే చూస్తుంది. కుక్క మాత్రం అదే నొప్పితో పడుకుని ఉంటుంది. "నాకు తగ్గలేదు" అని చెప్పే నోరు దానికి లేదు. మనిషి రోగి అయితే నాలుగో రోజున "ఈ మందు పనిచేయలేదు" అని గొడవ చేస్తాడు. మూగజీవి చేయదు. ఈ విషయంలో అసలు ప్రమాదం ఇదే.

అందుచేత వెలుగు పెట్టినా, మరే వైద్యం చేయించినా, కొలిచి చూడండి. మొదలుపెట్టక ముందు కుక్క నడకను ఫోనులో వీడియో తీయండి. ఉదయం లేవడానికి ఎంతసేపు పట్టిందో, ఎన్ని మెట్లు ఎక్కిందో, ఎంత దూరం నడిచి కూర్చున్నదో పిల్లల నోటు పుస్తకంలో తారీఖు వేసి రాయించండి. నాలుగు వారాల తరువాత మళ్ళీ వీడియో తీసి, సంగతి తెలియని పొరుగువారికి రెండూ చూపించి ఏది మెరుగో అడగండి. ఆ మాటకు విలువ ఉంటుంది.

ఎప్పుడు పెట్టకూడదు?

కొన్ని చోట్ల ఈ వెలుగును అసలే వాడకూడదు. కంటి మీద పడనివ్వకూడదు. లేజరైతే మనిషికీ జంతువుకూ కంటి రక్షణ తప్పనిసరి. గడ్డ ఉన్నచోట, అది కేన్సరు కాదని వైద్యుడు తేల్చేవరకు పెట్టకూడదు. కణాలను చురుకుపరచే వెలుగు చెడ్డ కణాలను మాత్రం వదిలిపెడుతుందని ఎలా అనుకోగలం? చూలుతో ఉన్న జంతువు పొట్ట మీద, రక్తం కారుతున్న గాయం మీద, ఎదిగే పిల్లల ఎముకల చివరల మీద పెట్టకూడదు. వెలుగు తగిలితే చర్మం పొక్కే మందులు వాడుతున్నప్పుడు వైద్యుని అడగకుండా పెట్టకూడదు.

ఈ చివరి మాట మన రైతులకు కొత్త కాదు. లంటానా ఆకు తిన్న పశువుకు కాలేయం చెడిపోయి, ఎండ తగిలితే చాలు తెల్లని చర్మం ఉన్నచోట పొక్కులు లేచి పుండ్లు పడతాయి. అటువంటి పశువును నీడలో కట్టి వైద్యుని పిలవాలి. వెలుగు ఎప్పుడూ మేలే చేస్తుందని అనుకోవడానికి వీలు లేదనడానికి ఇదొక్కటి చాలు.

ఇంకా ముఖ్యమైనది, వెలుగు పెడుతూ కూర్చుంటే ప్రాణం మీదికి వచ్చే జబ్బులున్నాయి.

పిడుదులు కుట్టిన కుక్కకు జ్వరం వచ్చి, కీళ్ళు నొప్పి చేసి కుంటవచ్చు. అది ముసలితనం కాదు, రక్తంలో చేరిన జబ్బు. దానికి పరీక్ష, మందు ఉన్నాయి. కుక్కకు గాని పిల్లికి గాని వెనుక కాళ్ళు హఠాత్తుగా పడిపోతే గంటలు కూడా విలువైనవే. పశువు కుంటుతూ, నోట చొంగ కారుస్తూ, గిట్టల మధ్య పుండ్లు ఉంటే అది గాలికుంటు కావచ్చు. తొడ గాని జబ్బ గాని వాచి, నొక్కితే లోపల చిటచిట శబ్దం వస్తే అది జబ్బవాపు వ్యాధి. ఇది ఒకటి రెండు రోజులలోనే పశువును తీసుకుపోతుంది. పొదుగువాపుకు కూడా దీపం మందు కాదు.

పిచ్చికుక్క కరచిన సంగతి వేరే చెప్పాలి. మనిషినైనా జంతువునైనా కుక్క కరిస్తే ఆ గాయానికి ఏ వెలుగూ, ఏ పసరూ, ఏ కారమూ పనికిరావు. వెంటనే పంపు నీటి కింద సబ్బుతో 15 నిమిషాలు కడగాలి. మనిషైతే ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళి టీకా వేయించుకోవాలి. జంతువైతే పశువైద్యుని దగ్గరకు తీసుకుపోవాలి. రేబిస్ లక్షణాలు బయటపడిన తరువాత చేయగలిగింది దాదాపు ఏమీ లేదు.

దీపానికి ముందు చేయవలసినవి

ముసలి కుక్క కీళ్ళనొప్పికి డబ్బు ఖర్చు లేని వైద్యం ఒకటుంది. అది బరువు తగ్గించడం. అమెరికాలో 48 లాబ్రడార్ కుక్కపిల్లలను తీసుకుని, ఒకే ఈతలో పుట్టినవాటిని జతలు చేశారు. జతలో ఒకదానికి రెండవదానికంటే పాతిక వంతు తక్కువ తిండి పెడుతూ బ్రతికినంతకాలం గమనించారు. 2002లో ఫలితం ప్రకటించారు. ఎక్కువ తిన్నవి సగటున 11 సంవత్సరాల చిల్లర బ్రతికితే, తక్కువ తిన్నవి 13 సంవత్సరాలు బ్రతికాయి. వాటికి కీళ్ళ జబ్బు కూడా ఆలస్యంగా వచ్చింది. ప్రేమతో మనం పెట్టే మిగులు అన్నం, నెయ్యి ముద్ద, బిస్కట్లు కుక్క కీళ్ళ మీద బరువై కూర్చుంటాయి.

తరువాత నేల. నున్నని గచ్చు మీద, పాలరాతి మీద ముసలి కుక్క కాళ్ళు జారతాయి. అది పడుకునే చోటా నడిచే దారిలోనూ గోనెపట్టా పరిస్తే ఎంతో మేలు. చలికాలంలో పాత దుప్పటి వేయండి. గోళ్ళు పెరిగితే కత్తిరించండి. ఒకేసారి దూరం నడిపించడం మాని, రోజుకు రెండు మూడుసార్లు కొద్ది కొద్దిగా నడిపించండి.

నొప్పికి మందు కావాలంటే పశువైద్యుడే రాయాలి. మన ఇంటి మాత్ర ఇవ్వకండి. పారాసిటమాల్ బిళ్ళ ఒక్కటి పిల్లి ప్రాణం తీయగలదు. మనం ఒళ్ళు నొప్పులకు వేసుకునే ఐబూప్రొఫెన్, డైక్లోఫెనాక్ కుక్క కడుపులో పుండ్లు చేసి, మూత్రపిండాలను పాడుచేస్తాయి.

ఇవన్నీ చేసిన తరువాత, జబ్బు ఏమిటో వైద్యుడు తేల్చిన తరువాత, "వెలుగు కూడా పెట్టి చూడవచ్చు" అని ఆయన చెబితే అప్పుడు దానికి చోటుంది.

కొనేవారు అడగవలసిన ప్రశ్నలు

బిడ్డలు పంపినా, మీరే కొన్నా, ఈ ప్రశ్నలు అడగండి.

1. వెలుగు ఎన్ని నానోమీటర్లో పెట్టె మీద రాశారా? ఉత్త "ఎర్రదీపం" అన్నమాట చాలదు.

2. ఎంత దూరంలో పెడితే చదరపు సెంటీమీటరుకు ఎన్ని మిల్లీవాట్లు అందుతాయో చెప్పారా? దూరం పెరిగేకొద్దీ బలం తగ్గుతుంది.

3. ప్రభుత్వ అనుమతి ఉందని రాస్తే దేనికి ఉందో చూడండి. అమెరికాలో జంతువుల కోసం చేసే పరికరాలు అమ్మకానికి రావడానికి అక్కడి మందుల నియంత్రణ సంస్థ ముందస్తు ఆమోదం అవసరం లేదు. కనుక ఆ సంస్థ పేరు డబ్బా మీద కనబడినంత మాత్రాన, కుక్కల జబ్బుకు ఇది పనిచేస్తుందని ఎవరో పరీక్షించి ముద్ర వేసినట్టు కాదు.

4. అది ఒకే పరికరంతో కీళ్ళు, మూత్రపిండాలు, కేన్సరు, దిగులు అన్నీ నయమవుతాయని చెబుతున్నదా? అయితే దానిని పక్కన పెట్టండి.

5. తడి పాకలో, జంతువు కొరికే చోట కరెంటు తీగ వేలాడకుండా చూసుకున్నారా? జంతువును కట్టేసి దీపం కింద వదిలి వెళ్ళకూడదు. అది లేచి వెళ్ళిపోతానంటే పోనివ్వాలి. వేడి ఎక్కువైందనో బెదురుతున్నదనో అది చెప్పే విధానం అదే.

6. ఆ డబ్బుతో పశువైద్యుని ఎన్నిసార్లు చూపించవచ్చునో లెక్క వేశారా?

ఆరవ ప్రశ్నే అన్నిటిలోనూ పెద్దది. విదేశాల నుండి వచ్చిన దీపం అలమారాలో ఉండి, కుక్క మాత్రం ఒక్కసారి కూడా పశువైద్యశాల గడప తొక్కకపోతే మన ప్రేమ దారి తప్పినట్టే. రెండు తెలుగు రాష్ట్రాలలోనూ పశువులకు జబ్బు చేసినప్పుడు 1962 నంబరుకు ఉచితంగా ఫోను చేయవచ్చు. సంచార పశువైద్య వాహనం కోసం పెట్టిన నంబరు అది. దానిని గోడ మీద క్యాలెండరు పక్కన రాసి పెట్టుకోండి.

వెలుగు అనే మాట మనకు ఎంతో ఇష్టమైనది. చీకటి పోగొట్టేది, దారి చూపేది వెలుగే గదా. అందుకే వెలుగు పేరుతో ఏది వచ్చినా మన మనసు తొందరగా మెత్తబడుతుంది. కానీ వెలుగు మొదటి పని ఉన్నదానిని ఉన్నట్టు చూపించడం. మన అరుగు మీది ముసలి ప్రాణికి మొదట కావలసిన వెలుగు కూడా అదే. దాని కాలు ఎందుకు నొప్పి పెడుతున్నదో, ఎప్పటి నుండి పెడుతున్నదో, మనం చేసినదానివల్ల నిజంగా తగ్గిందో లేదో దాచకుండా చూడాలి. ఎర్రదీపం ఉంటే ఉండనివ్వండి, లేకపోతే లోటు లేదు. ఈ సాయంత్రం దాని పక్కన కూర్చుని కాళ్ళు నాలుగూ ఒక్కొక్కటిగా నెమ్మదిగా తడిమి చూడండి. ఎక్కడ వెనక్కి లాక్కుంటుందో గుర్తు పెట్టుకోండి. రేపు వైద్యుని దగ్గర ఆ మూగజీవి తరపున మాట్లాడవలసినది మీరే.